బీట్‌రూట్ తాగట్లేదా?

ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో ఒకసారి కూర్చుని లెక్కేశాను. మా పిన్ని, తెనాలిలో మా ఎదురింటి ఆంటీ, హాస్టల్ మెస్‌లో అన్నం వడ్డించే అక్క, ల్యాబ్ మేడమ్, ఇద్దరు రూమ్‌మేట్స్, ఒక ఆటో అన్న. ఆటో అన్న అయితే అద్దంలో నా మొహం చూసి, "ఏమ్మా, రక్తం తక్కువున్నట్టుంది, బీట్‌రూట్ తాగట్లేదా?" అని అడిగి, దిగేదాకా దానిమ్మ గురించి కూడా చెప్పాడు. అందరూ మంచివాళ్లే. అందరికీ నా మొహం చూడగానే విషయం తెలిసిపోయింది, మందు కూడా తెలిసిపోయింది. నా హిమోగ్లోబిన్ అప్పుడు 8.1.

నేను చెప్పాలనుకున్నది ఆ మందు గురించే. అది నాకెందుకు పనిచేయదో, నాలాంటి జబ్బున్న వాళ్లకి రక్తహీనత వస్తే అసలు ఏం చేస్తారో. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి వత్తులు, దీర్ఘాలు ఎడిటర్ అక్క చూసుకుంటానంది. ఇంకో మాట. ఇందులో టాయిలెట్ కబుర్లు వస్తాయి. మెస్‌లో తింటూ ఫోన్‌లో చదువుతున్నవాళ్లు తినేశాక చదవండి.

నాకున్నది అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తం కారుతుంది. దీనికో అన్నయ్య ఉన్నాడు, క్రోన్స్ డిసీజ్. అది నోటి నుంచి చివరిదాకా ఎక్కడైనా రావచ్చు, కానీ చిన్నపేగు చివరి భాగం అంటే దానికి ఎక్కువ ఇష్టం. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ హాస్పిటల్‌లో బరిల్ క్రోన్, ఇంకో ఇద్దరు డాక్టర్లు కలిసి దాని గురించి పేపర్ రాశారు, అందుకే ఆ పేరు. ఈ రెండింటినీ కలిపి ఐబీడీ అంటారు. ఐబీఎస్ వేరు, అందులో పేగులో పుండ్లు ఉండవు. మా క్లాస్‌లో సగం మంది నాకు గ్యాస్ ట్రబుల్ అనుకుంటున్నారు కాబట్టి ఈ వాక్యం రాశాను.

మన ఒంట్లో రోగాలతో పోరాడే వ్యవస్థ సొంత పేగునే శత్రువు అనుకుని దాడి చేస్తుంది, జరిగేది అది. ఎందుకు అలా అనుకుంటుందో పూర్తిగా ఎవరికీ తెలీదు. కారం వల్ల రాలేదు, బయట తిండి వల్ల రాలేదు, టెన్షన్ వల్ల రాలేదు. ఇంటర్ సెకండియర్‌లో మొదలైంది. మోషన్స్‌లో రక్తం, రోజుకి ఏడెనిమిది సార్లు. కొలనోస్కోపీ చేశారు, పేరు చెప్పారు, మెసలమైన్ మాత్రలు ఇచ్చారు. తగ్గింది. ఎంసెట్ రాశాను, సీఎస్‌ఈలో చేరాను. ఫస్టియర్ సెకండ్ సెమ్‌లో మళ్లీ లేచింది.

రెండోసారి లేచినప్పుడు మోషన్స్ కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది నీరసం. ఈ మాట నాకు చాలదనిపిస్తుంది. తెలుగులో దేనికైనా నీరసమే. ఎండకి తిరిగినా నీరసం, ఉపవాసం ఉన్నా నీరసం, క్లాస్ బోర్ కొట్టినా నీరసం. నాది వేరే. మా క్లాస్‌రూమ్ మూడో ఫ్లోర్‌లో. లిఫ్ట్ స్టాఫ్‌కి మాత్రమే. ఒక ఫ్లోర్ ఎక్కాక రెయిలింగ్ పట్టుకుని ఫోన్ చూస్తున్నట్టు నించునేదాన్ని, గుండె చెవుల్లో కొట్టుకునేది. ల్యాబ్‌లో స్క్రీన్ మీద బ్రాకెట్ ఎక్కడ మూశానో వెతికేసరికి ఎందుకు వెతుకుతున్నానో మర్చిపోయేదాన్ని. దువ్వెన నిండా జుట్టు.

ఇంకోటి వింతది. ఐస్ నమలాలనిపించేది. చెరకురసం బండి దగ్గర రసం వద్దు, ఐస్ ముక్కలు ఇవ్వన్నా అని అడిగేదాన్ని. సెలవులకి ఇంటికెళ్తే డబ్బాలోంచి బియ్యం గుప్పెడు తీసుకుని నములుతుంటే అమ్మ, "బియ్యం తినకే, నీ పెళ్లిలో వాన పడుద్ది" అనేది. ఇనుము తగ్గినవాళ్లకి ఇలా ఐస్, బియ్యం, మట్టి లాంటివి తినాలనిపిస్తుందనీ, దానికి పైకా అని పేరుందనీ తర్వాత తెలిసింది. మన ఊళ్లలో పెళ్లిలో వాన పడుతుందని భయపెట్టిన ఆడపిల్లల్లో ఎంతమందికి రక్తం తక్కువో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన దగ్గర రక్తహీనత చాలా మామూలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి ఉందని తేలింది. ఆంధ్రాలో, తెలంగాణలో కూడా దాదాపు అంతే. సగానికి పైగా ఆడవాళ్లకి ఉన్నది ఇక జబ్బులా కనపడదు. "ఆడపిల్లలకి మామూలేనమ్మా" అంటారు. పీరియడ్స్ అంటారు. సరిగ్గా తినట్లేదు అంటారు. ఆ చివరి మాట తిన్నగా వెళ్లి మా అమ్మకి తగిలేది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో నన్ను చూసి, "ఏంటి వదినా, పిల్ల ఇలా పాలిపోయింది, ఏం పెడుతున్నావ్?" అని అమ్మని అడిగేవాళ్లు. మన ఇళ్లలో రక్తహీనత అంటే తిండి సమస్య, తిండి సమస్య అంటే అమ్మ తప్పు. అమ్మ ఇంటికొచ్చి ఏమీ అనేది కాదు. మర్నాడు నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి ఉండలు చేసేది. నాన్న ఆదివారం మేక కార్జం తెచ్చేవారు. అటక మీంచి అమ్మమ్మ కాలం నాటి ఇనప మూకుడు కిందకి దిగింది. మునగాకు పప్పు, మునగాకు పొడి, మునగాకు అట్టు. బీట్‌రూట్ సంగతి చెప్పక్కర్లేదు.

నేను కంప్యూటర్ సైన్స్ కదా, లెక్క వేసి చూశాను. మన ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపితే 3 నుంచి 4 గ్రాములు, ఒక మేకు బరువు. ఎర్రరక్త కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అది చచ్చిపోయాక దానిలోని ఇనుము తీసి కొత్త కణానికి వాడుకుంటుంది ఒళ్లు. కొత్త కణాలకి రోజుకి 20 నుంచి 25 మిల్లీగ్రాములు కావాలి, దాదాపు అంతా ఈ రీసైక్లింగ్‌లోనే వస్తుంది. తిండి నుంచి పేగు పీల్చుకునేది రోజుకి 1 నుంచి 2 మిల్లీగ్రాములే. చాలా టైట్ బడ్జెట్. ఇప్పుడు రోజుకి రెండు టీస్పూన్ల రక్తం, అంటే 10 మి.లీ., బయటికి పోతోందనుకోండి. 8.1 హిమోగ్లోబిన్ దగ్గర కూడా అందులో దాదాపు 2.7 మి.గ్రా. ఇనుము ఉంటుంది. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఉండేది 0.8 మి.గ్రా. దయతలచి అందులో పదో వంతు ఒంటికి పడుతుంది అనుకుందాం. ఆ రెండు టీస్పూన్లకి సరిపోవాలంటే నేను రోజుకి మూడు కిలోల పైచిలుకు బీట్‌రూట్ తినాలి. ఈ లెక్క అమ్మకి చూపిస్తే, "అయితే ఏం పెట్టమంటావే మరి?" అంది. కోపం కాదు, నిజంగానే అడిగింది.

బీట్‌రూట్ వల్ల ఇంకో బాధ ఉంది, ఇది నాలాంటి వాళ్లకే తెలుస్తుంది. తిన్న మర్నాడు మోషన్ ఎర్రగా వస్తుంది. రోజూ పొద్దున్నే రక్తం ఉందా లేదా అని చూసుకునే మనిషికి అది చిన్న విషయం కాదు. ఐరన్ మాత్ర వేసుకుంటే నల్లగా వస్తుంది. పైపేగులో రక్తం కారినా నల్లగానే వస్తుంది. రెండూ కలిపి వాడిన వారం నేను టాయిలెట్‌లో చూసిన రంగులకి ఒక కలర్ కోడ్ రాయొచ్చు.

మాత్రల సంగతి. హాస్టల్ దగ్గర ఒక డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం. రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 8.1, ఫెరిటిన్ 64. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది. రిపోర్టులో పక్కన నార్మల్ రేంజ్ 13 నుంచి 150 అని ఉంది. ఆయన, "ఐరన్ స్టోర్స్ బాగానే ఉన్నాయి, ఇది వీక్‌నెస్, బాగా తిను, పడుకో" అన్నారు. అయినా ఎందుకైనా మంచిదని ఐరన్ మాత్రలు రాశారు, రోజుకి రెండు. కడుపు ఉబ్బరం, వికారం, మోషన్స్ ఇంకా ఎక్కువ. మూడు వారాల తర్వాత హిమోగ్లోబిన్ 8.0. కొలైటిస్ ఉందని నాన్న ఆయనకి రెండుసార్లు చెప్పారు.

గుంటూరులో నన్ను చూసే గ్యాస్ట్రో మేడమ్ అదే రిపోర్టు చూసి, 64 మీద పెన్నుతో సున్నా చుట్టి, "ఈ నంబర్‌ని నమ్మకూడదు" అన్నారు. కోడ్ ఎర్రర్ చూపించకుండా రన్ అవుతూ తప్పు అవుట్‌పుట్ ఇస్తుంటే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. నా ఫెరిటిన్ అదే. ఎందుకో ఆవిడ ఓపిగ్గా చెప్పారు. నేను దాన్ని మన హాస్టల్ భాషలోకి మార్చుకున్నాను.

మెస్ స్టోర్ రూమ్ అనుకోండి. లోపల బియ్యం బస్తాలు ఉన్నాయి. తాళంచెవి వార్డెన్ దగ్గర. వార్డెన్ తాళం వేసేస్తే లోపలి బస్తా బయటికి రాదు. బస్తాలు ఎన్ని ఉన్నా ఆ పూట వంట లేదు. ఒంట్లో ఆ వార్డెన్ పేరు హెప్సిడిన్. కాలేయం తయారుచేసే చిన్న హార్మోన్. దీన్ని కనిపెట్టి పాతికేళ్లే అయింది. ఇనుము బయటికి వచ్చే తలుపు పేరు ఫెర్రోపోర్టిన్, అది పేగు కణాల మీదా ఉంటుంది, పాత రక్తకణాల్ని రీసైకిల్ చేసే కణాల మీదా ఉంటుంది. హెప్సిడిన్ వచ్చి ఈ తలుపుని మూసేస్తుంది. మామూలుగా ఇది ఇనుము ఎక్కువైపోకుండా చూసే ఏర్పాటు. కానీ ఒంట్లో వాపు ఉన్నప్పుడు కూడా కాలేయం హెప్సిడిన్‌ని తెగ తయారుచేస్తుంది. దీనికీ ఒక తర్కం ఉంది. క్రిములు పెరగాలంటే వాటికీ ఇనుము కావాలి. ఇంట్లో దొంగలు పడ్డారంటే ముందు బీరువా తాళం వేస్తాం కదా, అలా. నా విషయంలో దొంగలు లేరు. నా పేగు మీద నా ఒళ్లే దాడి చేస్తోంది, కాలేయానికి మాత్రం అది తెలీదు, అది తాళం వేస్తూనే ఉంది.

అందుకే మాత్ర మింగినా లాభం లేదు. ఇనుము పేగు కణంలోకి వెళ్తుంది, అక్కడ తలుపు మూసి ఉంటుంది, ఆ కణం నాలుగైదు రోజుల్లో రాలిపోతే దానితోపాటు ఇనుమూ బయటికి పోతుంది. పీల్చుకోని మిగతా ఇనుము పుండ్లున్న పేగులో తిరుగుతూ గొడవ చేస్తుంది. జబ్బు అణిగి ఉన్నప్పుడు, రక్తహీనత కొంచెమే ఉన్నప్పుడు మాత్రలు చాలామందికి పనిచేస్తాయి. అప్పుడు కూడా రోజుకి 100 మి.గ్రా. ఇనుము మించి వద్దంటారు. పేగు రగులుతున్నప్పుడు, లేదా హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువ ఉన్నప్పుడు, సెలైన్‌లో కలిపి నరంలోకే ఎక్కించాలి. యూరప్ డాక్టర్ల గైడ్‌లైన్స్‌లో కూడా ఇదే ఉందని మేడమ్ చెప్పారు.

మరి 64 సంగతేంటి? స్టోర్ రిజిస్టర్‌లో ఉన్న అంకె అది. వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతట అదే పెరుగుతుంది, అంటే ఎవరో రిజిస్టర్‌లో బస్తాలు ఎక్కువ రాస్తున్నారు. అందుకని ఐబీడీ వాళ్లకి రెండు కొలతలు. జబ్బు అణిగి ఉంటే ఫెరిటిన్ 30 కంటే తక్కువైతే ఇనుము లేనట్టు. జబ్బు రగులుతుంటే 100 దాకా ఉన్నా ఇనుము లేకపోవచ్చు. రగులుతోందా లేదా అని చెప్పేది సీఆర్‌పీ అనే ఇంకో పరీక్ష. నాది 38, ఉండాల్సింది 5 లోపు. ఇంకో పరీక్ష కూడా రాశారు, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్. ఇది రిజిస్టర్ చూడదు, రోడ్డు మీద లారీల్లో ఎన్నింటికి సరుకు ఉందో చూస్తుంది. 20 శాతం కంటే తక్కువ ఉండకూడదు. నాది 6 శాతం. నూరు లారీలు తిరుగుతుంటే ఆరింటిలో సరుకు ఉంది.

ల్యాబ్ రిపోర్టులో తేడా ఉన్న నంబర్లు బోల్డ్‌లో వస్తాయి. 64 బోల్డ్‌లో రాలేదు. మా ఇంట్లో మూడు వారాల బీట్‌రూట్ ఆ బోల్డ్ రాకపోవడం వల్లే.

మేడమ్ ఇదంతా చెప్పాక అమ్మ వైపు తిరిగి, "మీరు ఏం పెట్టినా ఇది వచ్చేదే అమ్మా. తిండి వల్ల రాలేదు, తిండితో పోదు" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. కారిడార్‌లోకి వచ్చాక చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే నాన్న కంగారుపడి, "నయమవుద్ది అన్నారుగా, ఎందుకేడుస్తావ్?" అన్నారు. నాన్నకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. రెండేళ్లుగా ఆవిడ ఎన్ని పేరంటాల్లో ఎన్ని మాటలు దిగమింగిందో ఆ రోజు లెక్క కట్టుకుందేమో.

హాస్టల్ గ్రూప్‌లో విషయం తెలిసి, గంటలో పదకొండు మంది రక్తం ఇస్తామని మెసేజ్ పెట్టారు. అందులో ఒకమ్మాయి సూది చూస్తేనే కళ్లు తిరిగి పడిపోతుంది. ఆ మెసేజ్‌లు ఇంకా డిలీట్ చేయలేదు. కానీ రక్తం ఎక్కించడం నాలాంటి వాళ్లకి మొదటి మందు కాదు. హిమోగ్లోబిన్ 7 కంటే పడిపోయినప్పుడో, ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోయి పరిస్థితి చెయ్యి దాటుతున్నప్పుడో ఎక్కిస్తారు. ఒక యూనిట్ రక్తంలో ఇనుము 200 నుంచి 250 మి.గ్రా. ఉంటుంది. నాకు కావాల్సింది దానికి ఆరు రెట్లు.

ఆ సంఖ్యకి ఒక ఫార్ములా ఉంది, గంజోని ఫార్ములా. బరువుని, ఉండాల్సిన హిమోగ్లోబిన్‌కీ ఉన్నదానికీ తేడాతో గుణించి, దాన్ని 2.4తో గుణించి, నిల్వ కోసం 500 కలపాలి. నా బరువు 52 కిలోలు. 15 నుంచి 8.1 తీస్తే 6.9. మొత్తం 1361 మిల్లీగ్రాములు. డాక్టర్లు ఇప్పుడు ఇంకా సులువైన పట్టిక వాడుతున్నారట. హిమోగ్లోబిన్ 7కీ 10కీ మధ్య ఉండి, బరువు 70 కిలోల లోపైతే 1500. రెండూ దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి నాకు ఫార్ములా మీద నమ్మకం కుదిరింది. నాన్నకి రేటు వినగానే ఒక నిమిషం మాట రాలేదు, వేలల్లో ఉంది. చవకది ఐరన్ సుక్రోజ్. అది ఒక్కోసారి 200 మి.గ్రా. లెక్కన ఏడెనిమిది సార్లు ఎక్కించుకోవాలి. ఖరీదైనది ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్. ఒకేసారి 1000 దాకా ఇవ్వొచ్చు, రెండు సార్లతో అయిపోతుంది. తెనాలి నుంచి గుంటూరుకి ఎనిమిది సార్లు రానూపోనూ ఖర్చు, నా క్లాసులు, నాన్న షాపు మూత, అన్నీ కలిపి నాన్న పెన్నూ కాగితం పెట్టి లెక్కేశారు. ఖరీదైనదే కొంచెం చవక అని తేలింది.

ఎక్కించిన రోజు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ముదురు గోధుమరంగు మందు, చిక్కటి కాఫీ డికాక్షన్ లాగా ఉంది. ముందు అలర్జీలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. సూది నరం తప్పి మందు చర్మం కింద కారితే గోధుమరంగు మచ్చ చాలాకాలం ఉండిపోతుందట, అందుకని సిస్టర్ గారు మంట పుడితే వెంటనే చెప్పమని మూడుసార్లు చెప్పారు. పావుగంట. తర్వాత ఒక అరగంట అక్కడే కూర్చోబెట్టారు. ఈ మందుతో కొంతమందికి రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది, ఎముకల నొప్పులో, మరీ నీరసమో ఉంటే రమ్మన్నారు. నీరసం ఉంటే రమ్మనడం వింటే నవ్వొచ్చింది.

ఆ అరగంటలో పక్క కుర్చీలో ఒక అంకుల్ ఉన్నారు. నలభై దాటి ఉంటాయి. ఆయనకి క్రోన్స్. ముందు పేగు టీబీ అనుకుని ఆరు నెలలు మందులు వాడించారట. మన దేశంలో ఈ రెండింటినీ విడదీయడం పెద్ద డాక్టర్లకే కష్టమట, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తర్వాత ఆపరేషన్ చేసి చిన్నపేగు చివరి భాగం తీసేశారు. బీ12 విటమిన్‌ని ఒళ్లు పీల్చుకునేది సరిగ్గా అక్కడే. కాబట్టి ఆయన ఎంత మాంసం తిన్నా, గుడ్లు తిన్నా బీ12 అందదు, ఇంజెక్షన్లే. ఆయన రిపోర్టు ఫైలు నాకిచ్చి, "నువ్వు కంప్యూటర్స్ అన్నావుగా, ఇది చూడు" అన్నారు. ఆయనకి ఇనుమూ లేదు, బీ12 కూడా లేదు. ఇనుము తక్కువైతే రక్తకణాలు చిన్నవవుతాయి, బీ12 తక్కువైతే పెద్దవవుతాయి. రిపోర్టులో వచ్చే ఎంసీవీ కణాల సగటు సైజు. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి, సగటు తీస్తే నార్మల్. స్టాటిస్టిక్స్ క్లాసులో సార్ ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది నాకు ఆ కుర్చీలో ఎక్కింది. మీన్ ఒక్కటే చూడకు, వేరియన్స్ చూడు. ఆ వేరియన్స్ కూడా రిపోర్టులోనే ఉంటుంది, ఆర్‌డీడబ్ల్యూ అని. ఆయనది చాలా ఎక్కువ ఉంది. అజాథయోప్రిన్ అనే మందు వాడేవాళ్లకి కణాలు ఎలాగూ కొంచెం పెద్దవవుతాయి, సల్ఫాసలజీన్ వాడేవాళ్లకి ఫోలిక్ ఆసిడ్ తగ్గుతుంది. కాబట్టి ఐబీడీలో రక్తహీనత అంటే ఒక్క ఇనుము చూసి ఊరుకోకూడదు.

నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ 2 పెరిగితే మందు పనిచేసినట్టట. నాది 10.4 అయింది. పది వారాలకి 12.3. ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 దాటితే రక్తహీనత లేనట్టు. నంబర్ కంటే ముందు నాకు తెలిసింది ఐస్. రెండో వారంలో చెరకురసం బండి దగ్గర ఆగి, ఐస్ అడగకుండా రసం తాగి వచ్చేశాను, రూమ్‌కి వచ్చాక గుర్తొచ్చింది. ఒకరోజు మూడో ఫ్లోర్ దాకా మాట్లాడుకుంటూ ఎక్కేశాం. రెయిలింగ్ దగ్గర ఆగలేదని నాకంటే ముందు మా రూమ్‌మేట్ గమనించి, "ఏంటే, ఇవాళ ఫోన్ చూడలేదు?" అంది.

ఇనుము ఒక్కటే ఎక్కిస్తే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. మేడమ్ అదే వారం కొలైటిస్ మందులు కూడా మార్చారు, కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇచ్చి మెల్లిగా తగ్గించారు. పేగు మానితేనే రక్తం కారడం ఆగుతుంది, వార్డెన్ తాళం తీస్తుంది. కానీ పేగు మానేదాకా ఆగి తర్వాత రక్తహీనత చూద్దాంలే అనడం కూడా సరికాదు. ఈ రెండోది నేను గట్టిగా చెప్తాను. చాలామంది డాక్టర్లు, ఇంట్లోవాళ్లు మోషన్స్ తగ్గాయా లేదా అని అడిగి వదిలేస్తారు. మోషన్స్ తగ్గాయి, అయినా మనిషి మంచం దిగట్లేదు అంటే ఏదో ఒకటి చూడాలి. నాకు ఆ సెమ్‌లో అటెండెన్స్ 67 శాతం వచ్చింది. మెడికల్ సర్టిఫికెట్‌తో గట్టెక్కాను. ఇంకో మూడు శాతం తగ్గితే సంవత్సరం పోయేది, ఇంట్లో "చదువు తర్వాత, ముందు ఆరోగ్యం, ఇంటికొచ్చేయ్" అనే మాట అప్పటికే మొదలైంది. ప్రేమతోనే అన్నారు, కానీ అలా ఇంటికెళ్లిన అమ్మాయిలు మా వీధిలో ఇద్దరున్నారు, ఇద్దరూ తిరిగి రాలేదు.

ఈ మధ్య ఇద్దరు జూనియర్స్ నన్ను కలిశారు. ఒకళ్లకి క్రోన్స్, ఇంకొకళ్ల నాన్నగారికి నా జబ్బే. నేను డాక్టర్ని కాదు, మందు పేర్లు చెప్పను. రిపోర్టులో హిమోగ్లోబిన్ పక్కన ఫెరిటిన్, సీఆర్‌పీ, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, బీ12 కూడా ఉన్నాయో లేదో చూడమని, లేకపోతే మీ డాక్టర్‌ని అడగమని మాత్రం చెప్పాను. ఫెరిటిన్ బోల్డ్‌లో లేదని ఊరుకోవద్దని కూడా చెప్పాను. మగపిల్లాడు అయితే పీరియడ్స్ మీద నెట్టేయడం కుదరదు కాబట్టి కొంచెం తొందరగా పరీక్షలు రాస్తారేమో, ఆ ఒక్క అదృష్టం వాళ్లది.

ఇది ఒకసారి తగ్గి పోయేది కాదు. ఐబీడీలో రక్తహీనత తరచూ తిరిగొస్తుంది, ఒక్కోసారి పేగు మళ్లీ లేవబోయే ముందు గుర్తుగా కూడా వస్తుంది. అందుకని మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్ష. పోయిన నెల చేయించాను. హిమోగ్లోబిన్ 12.4, సీఆర్‌పీ 3, ఫెరిటిన్ 46. సీఆర్‌పీ మామూలుగా ఉంది కాబట్టి ఈ 46ని నమ్మొచ్చు. అప్పటి 64 కంటే చిన్న అంకె, అయినా అప్పటికంటే నా ఒంట్లో ఇనుము ఎక్కువే ఉంది. అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "సీఆర్‌పీ చూశావా ముందు?" అని అడిగింది. ఎదురింటి ఆంటీకి కూడా ఇదంతా వివరించి చెప్పిందట, ఆంటీ మొత్తం విని, అయినా బీట్‌రూట్ మంచిదే కదా అందట. మంచిదే. నాక్కూడా వేపుడు ఇష్టం.

నరంలోకి ఇనుము ఎక్కించాక ఫెరిటిన్ 100 కంటే తగ్గితే, రక్తహీనత మళ్లీ వచ్చేదాకా ఆగకుండా ముందే ఇంకో డోస్ ఇస్తారట. 500 మి.గ్రా., ఒక్కసారి. దసరా సెలవుల్లో వెళ్తున్నాను. సెకండ్ మిడ్ అయిన మర్నాడు.